రిష్తాకి లేని పర్దా నౌకరీకెందుకు?

బిడ్డ బీటెక్ పాసైతే చాలు, ఫోటో, ఎత్తు, రంగుతో సహా ఆమె బయోడేటా రిష్తా వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొస్తుంది. ముక్కూమొహం తెలియని ఖాలాలు చూసి వంకలు పెడతారు. అప్పుడు ఏ అబ్బాకీ గైరత్ అడ్డం రాదు. అదే బిడ్డ లింక్డ్‌ఇన్‌లో తన డిగ్రీ, తను చేసిన ప్రాజెక్టు రాసుకుంటానంటే "తౌబా, గైర్ మర్దులు చూస్తారు!" ఫోటో లేకుండా కూడా ప్రొఫైల్ పెట్టుకోవచ్చు జనాబ్ అన్నా వినరు. కొడుక్కైతే ఇంకో మాట: "అదంతా దిఖావా బేటా, నసీబ్‌లో ఉంటే వస్తుంది."

దిఖావానా? ఖజానా నాకప్పగించండి, కాపాడగలను, ఆ ఇల్మ్ నాకుంది అని మిస్ర్ బాద్‌షాని యూసుఫ్ అలైహిస్సలాం తానే అడిగారు. ఉన్న హునర్‌ని ఉన్నట్టు చెప్తే రియా ఎలా అవుతుంది?

పేరు చూసి పక్కన పడేస్తారంటారా? నిజమే, కాదనను. 2022లో బయటికొచ్చిన లెడ్‌బై ఫౌండేషన్ పరిశీలనలో ఒకే అర్హతలున్న రెండు రెజ్యూమేలను వెయ్యి ఉద్యోగాలకు పంపారు. ప్రియాంకా శర్మ పేరుకి 208 చోట్ల మంచి జవాబొచ్చింది, హబీబా అలీ పేరుకి 103 చోట్ల. అందుకే చెప్తున్నా, పేరు తప్ప మన గురించి ఏమీ తెలియనివాడికి రెజ్యూమే పంపి దువా చేస్తూ కూర్చోకండి. ఆ కంపెనీలో మీ కాలేజీ సీనియర్ ఎవరున్నారో వెతకండి. చేసిన పని చూపించి రిఫరల్ అడగండి. దుబాయ్ మామూని వీసా సిఫారిష్ అడిగినప్పుడు రాని షరమ్ ఇప్పుడొచ్చిందా?

మస్జిద్ కమిటీ సాహెబులూ, ఎండాకాలం క్లాసుల్లో ఒక్క ఆదివారం దీనికివ్వండి. ప్రొజెక్టర్ నేను తెస్తా.