రాయి పోయింది, నడుం కొలత మిగిలింది

పిత్తాశయంలో రాయి అంటే ఎక్కువసార్లు గడ్డకట్టిన కొలెస్ట్రాలే. కాలేయం పైత్యరసంలోకి వదిలే కొలెస్ట్రాల్‌ను పైత్య లవణాలు, లెసిథిన్ కరిగించి ఉంచుతాయి. వాటి శక్తికి మించి చేరినప్పుడు స్ఫటికాలు పుడతాయి. పిత్తాశయమనే ఆ సంచి సరిగా ఖాళీ కాకపోతే అవే రాళ్లవుతాయి. దక్షిణాదిలో బిలిరుబిన్‌తో ఏర్పడే నల్లరాళ్లూ తక్కువేం కాదు. వాటి కథ వేరు.

కొలెస్ట్రాల్ ఎందుకు మించుతుందన్న ప్రశ్నకు ‘నూనె ఎక్కువ తిన్నారు’ అన్న జవాబు సగమే. 2008లో బోస్టన్‌లోని జోస్లిన్ మధుమేహ కేంద్రం శాస్త్రజ్ఞులు కాలేయంలో మాత్రమే ఇన్సులిన్ గ్రాహకాలు లేని ఎలుకలను పరీక్షించారు. ఇన్సులిన్ మాట వినని కాలేయంలో ఫాక్సో1 అనే ప్రొటీన్‌కు పగ్గాలు ఉండవు. అది ఏబీసీజీ5, ఏబీసీజీ8 అనే రవాణా ప్రొటీన్లను పెంచుతుంది. అవి కొలెస్ట్రాల్‌ను పైత్యంలోకి తోడిపోస్తాయి. పైత్య ఆమ్లాలను తయారుచేసే ఎంజైములూ తగ్గుతాయి. కరగాల్సిన సరుకు పెరుగుతుంది, కరిగించే శక్తి తగ్గుతుందన్నమాట. మనుషుల్లోనైతే, ఒళ్లు ఇన్సులిన్ మాట వినని స్థితి, అంటే ఇన్సులిన్ నిరోధకత, ఉన్నవారి పిత్తాశయం భోజనం తర్వాత మందకొడిగా ముడుచుకుంటుందనీ గమనించారు.

ఈ నిరోధకతకు ఆనవాళ్లు బయటికే కనిపిస్తాయి. మెడ వెనక చర్మం నల్లబడి ముఖమల్ గుడ్డలా మందమవుతుంది. బొడ్డు చుట్టూ కొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటుతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహం 11.4 శాతం పెద్దల్లో ఉంటే, పొట్ట ఊబకాయం 39.5 శాతంలో ఉంది. అయినా ఓపీ గదిలో కనిపించని పరికరం ఏదంటే దర్జీ టేపే. వేలు పోసి తీయించిన స్కాన్ కాగితంలో రాయి సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది. రోగి పొట్ట చుట్టుకొలత ఏ కాగితంలోనూ ఉండదు. నొప్పి పెడుతున్న రాయికి ఆపరేషన్ చేయాల్సిందే. కానీ రాళ్లున్నవారిలో దాదాపు 80 శాతం మందికి ఎన్నడూ బాధ కలగదు. సంచి తీసేసినా కాలేయం తీరు మారదు, తర్వాత వచ్చే షుగర్‌ను ఆ కోత ఆపదు.

బరువు తగ్గమన్నారని తిండి మానేయడం ఇంకో తప్పు. వారానికి కిలోన్నరకు మించి తగ్గితే కొత్త రాళ్లు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒంట్లో కొవ్వు కరుగుతుంటే కాలేయం మరింత కొలెస్ట్రాల్‌ను పైత్యంలోకి పంపుతుంది. తిండి లేక సంచి కదలదు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లతోనూ పిత్తాశయ సమస్యలు పెరుగుతున్నట్టు 2022లో వెలువడిన, 76 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ చెప్పింది. ప్రకటనల్లో ఈ ముక్క ఉండదు.

ఇక ఆలివ్ నూనె, నిమ్మరసం తాగించి ‘రాళ్లు పడగొట్టే’ వీడియోల సంగతి. మర్నాడు మలంలో పచ్చగా, మెత్తగా పడే ఉండలను ఫొటో తీసి పంచుతారు. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక లేఖ వాటిని పరీక్షించి, అందులో ఉన్నది ప్రధానంగా కొవ్వు ఆమ్లాలేననీ, కొలెస్ట్రాల్ లేదనీ తేల్చింది. తాగిన నూనె పేగులో సబ్బై గడ్డకట్టిందంతే. పైగా ఒకేసారి అంత నూనె పడితే సంచి గట్టిగా ముడుచుకుని, లోపలి రాయి నాళంలో ఇరుక్కోవచ్చు. అప్పుడు కామెర్లు, క్లోమం వాపు, అర్ధరాత్రి అంబులెన్స్. ఆ వీడియో మాత్రం వ్యూస్ కూడగట్టుకుంటూ నడుస్తూనే ఉంటుంది.