బాటకు హక్కుదారు ఎవరు?



ఈ నెల ఒక చిన్న విషయాన్ని మీ ముందుంచుతున్నాను. ఇది చిన్న విషయమేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక వృద్ధురాలి మణికట్టు విరిగిన తరువాత ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వచ్చింది.

మా పెద్దాపురంలో మదరసాకు వచ్చే పిల్లల్లో వసతిలో ఉండనివారు చాలామంది సైకిళ్ల మీదనే వస్తారు. రాజానగరం నుంచి సామర్లకోట వైపు వెళ్లే ఏడీబీ రోడ్డు మీద లారీలు, బస్సులు ఏ వేళలోనైనా తిరుగుతూనే ఉంటాయి. ఊరిలోని రోడ్ల మీద ఆటోలు, మోటారు సైకిళ్లు క్షణం తెరిపి ఇవ్వవు. ఇక ఆషాఢంలో మరిడమ్మ జాతర రోజులు వస్తే చెప్పనక్కర లేదు. ఒక ఉదయం ఒక లారీ మా విద్యార్థి ఒకరిని ఒరుసుకుంటూ పోవడం కళ్లారా చూశాను. ఆనాడే పిల్లలందరినీ కూర్చోబెట్టి, "ఇకమీదట రోడ్డు మీద తొక్కవద్దు. పక్కన కాలిబాట ఉన్నచోట దాని మీదనే తొక్కండి" అని చెప్పాను. ఆ మాట విని తల్లిదండ్రులు సంతోషించారు. నేనూ ఒక మంచి పని చేశాననుకున్నాను.

పది రోజులు తిరగకముందే ఒక పదిహేనేళ్ల అబ్బాయి, పాఠానికి ఆలస్యమవుతోందని మురుగుకాలువ పలకల మీద వేగంగా సైకిలు తొక్కుతూ, పాలు పోయించుకుని వస్తున్న ఒక మామ్మగారిని ఢీకొట్టాడు. ఆమె చేతిలోని క్యాను ఒకవైపు, ఆమె ఒకవైపు పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది. చుట్టూ చేరినవారు కేకలు వేస్తూ ఉంటే ఆ అబ్బాయి ఏడుస్తూ చెప్పిన మాట ఒక్కటే: "కాలిబాట మీదనే తొక్కమని హజ్రత్ చెప్పారండి."

ఆ సాయంత్రం అబ్బాయినీ, అతని తండ్రినీ వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్న ఆమె మమ్మల్ని తిట్టలేదు. కుర్చీలు వేయించింది. నా వైపు తిరిగి శాంతంగా అడిగింది: "సాయిబుగారూ, రోడ్డు మీద నడిస్తే మోటారు సైకిళ్ల వాళ్లు పక్కకి తప్పుకో ముసలమ్మా అంటారు. పక్కకి తప్పుకుని పలకల మీద నడిస్తే సైకిలొచ్చి గుద్దింది. ఇంక నన్నెక్కడ నడవమంటారో మీరే చెప్పండి."

దాదాపు పాతికేళ్లుగా ధర్మశాస్త్రం బోధిస్తున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు ఆ పూట నా దగ్గర సమాధానం లేదు.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే నాకు సిగ్గు కలిగింది. ఎందుకంటే ఆ సమాధానం నేను ఏటా బోధించే గ్రంథంలోనే ఉంది. ఎనిమిది వందల ఏళ్ల క్రితం ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన 'హిదాయా'లో, వాహన జంతువు మీద వెళ్లేవాడి బాధ్యత గురించిన చర్చ ఉంది. దాని సారాంశం ఇది: ప్రజల బాట మీద వెళ్లే హక్కు అందరిదీ, అయితే ఇతరులకు హాని కలగకూడదన్నది ఆ హక్కుకు షరతు. గుర్రం కాళ్ల కింద ఎవరైనా నలిగితే ఆ నష్టానికి రౌతు బాధ్యుడు. పోతూ పోతూ గుర్రం తోక విసిరితే తగిలిన దెబ్బకు అతడు బాధ్యుడు కాడు, ఎందుకంటే దాన్ని తప్పించడం అతని చేతిలో లేదు. అంటే తప్పించగలిగిన హానిని తప్పించవలసిన భారం వాహనం ఎక్కినవాడిదే. పొరపాటున జరిగిందంటే పాపం తొలగవచ్చు గానీ, పరిహారం తొలగదు. ఇదే పాఠాన్ని గుర్రానికీ ఒంటెకూ అన్వయించి చెబుతూ వచ్చిన నేను, సైకిలు దగ్గరకు వచ్చేసరికి మరచిపోయాను. వైద్యానికి అయిన ఖర్చులో సగం నేను భరించాను. సైకిలు నడిపింది అతడే అయినా, ఆ దారి చూపింది నేను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పట్టణంలో సైకిలు తొక్కేవాడు కాలిబాట మీద వెళ్లాలా, రోడ్డు మీద వెళ్లాలా?

కాలిబాట మీద వెళ్లాలనేవారి భయాన్ని నేను తేలికగా తీసివేయను. అది ప్రతి తల్లి గుండెలో ఉండే భయం. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. లారీ పక్కన సైకిలు ఎండుటాకుతో సమానం. కన్నబిడ్డను ఆ లారీల మధ్యకు పంపమని ఎవరు చెప్పగలరు?

కాని అదే లెక్కలో మరొక సంఖ్య ఉంది. ఆ మృతులలో 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు నడుస్తున్నవారే. రోడ్డు మీద అందరికన్నా బలహీనుడు సైకిలు తొక్కేవాడు కాడు, నడిచేవాడు. అతనికి ఇనుప చట్రం లేదు, బ్రేకు లేదు, బెల్లు లేదు. అతనికి మిగిలినది ఆ రెండు మూడు అడుగుల పలక ఒక్కటే. మన భయం తీర్చుకోవడానికి దాన్ని కూడా తీసుకుంటే, మనకు లారీ ఏమిటో అతనికి మనం అదే అవుతాం.

వేగం సంగతి చూడండి. మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. సైకిలు అలవోకగా దానికి మూడింతల వేగంతో వెళుతుంది. వెనక నుంచి వచ్చే సైకిలు చప్పుడు వినపడదు. చెవి మందగించిన వృద్ధులు, చంకలో బిడ్డతో ఉన్న తల్లులు, చూపు లేనివారు ఎటు తప్పుకోవాలో తేల్చుకునేలోగా జరగవలసినది జరిగిపోతుంది. తొక్కేవాడికి కూడా కాలిబాట మనం అనుకున్నంత క్షేమం కాదు. ప్రతి ఇంటి గుమ్మమూ, ప్రతి సందు మొగదలా అక్కడ ఒక ప్రమాదమే. సందులోకి తిరిగే కారు డ్రైవరు రోడ్డు మీది వాహనాలను చూసుకుంటాడు గానీ, పలకల మీద దూసుకువచ్చే సైకిలును ఊహించడు.

ఇతర దేశాలు ఈ చిక్కును వయసుతో విడదీశాయి. జర్మనీలో ఎనిమిదేళ్లలోపు పిల్లలు కాలిబాట మీదనే తొక్కాలి. పదేళ్ల వరకు అక్కడ తొక్కే అనుమతి ఉంది. జపానులో సైకిలును వాహనంగానే పరిగణిస్తారు, దాని చోటు సాధారణంగా రోడ్డే. పదమూడేళ్లలోపు పిల్లలకు, డెబ్బై ఏళ్లు నిండినవారికి కాలిబాట మీద సడలింపు ఉంది. అయితే అక్కడ నెమ్మదిగా వెళ్లాలి, నడిచేవారికి అడ్డమైతే ఆగాలి. ఈ పద్ధతిలో నాకు న్యాయం కనిపించింది. చిన్నపిల్లవాడు సైకిలు ఎక్కినా పాదచారి కిందే లెక్క. ఎదిగినవాడు వాహనదారుడే.

కనుక నేను పిల్లలకు ఇచ్చిన సలహాను తరగతిలో అందరి ముందూ వెనక్కి తీసుకున్నాను. దాని స్థానంలో చెప్పినవి ఇవి. పెద్ద పిల్లలు రోడ్డుకు ఎడమ అంచున, ఒకరి వెనక ఒకరుగా తొక్కాలి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వెళ్లకూడదు. ఎదురు దిశలో ఎన్నడూ రాకూడదు. మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి చెయ్యి చాపాలి. ఫజ్ర్‌కూ ఇషాకూ వచ్చేవారు లైటు, వెనక ఎర్రని రిఫ్లెక్టరు లేకుండా రాకూడదు. పూర్వం రాత్రివేళ దీపం లేకుండా సైకిలు తొక్కితే పోలీసు ఆపేవాడని మా అబ్బాజాన్ చెప్పేవారు. ఆ కట్టుబాటు పోయింది గానీ, దాని అవసరం పోలేదు. రోడ్డు మరీ భయంగా ఉన్నచోట దిగి, సైకిలును నడిపించుకుంటూ కాలిబాట మీద వెళ్లండి. దిగిన క్షణం నుంచి మీరూ పాదచారులే. రెండు నిమిషాలు ఆలస్యమైతే నేను పాఠం ఆపి ఎదురుచూస్తాను. ఈ చివరి మాట చెబుతున్నప్పుడు, ఆ అబ్బాయి ఆనాడు అంత వేగంగా ఎందుకు తొక్కాడో నాకు గుర్తుకు వచ్చింది. ఆలస్యంగా వచ్చినవారిని నేను గుమ్మం దగ్గర నిలబెడతాను.

అయితే పిల్లలకు బోధించి చేతులు దులుపుకుంటే న్యాయం కాదు. సైకిలు తొక్కేవాణ్ణి కాలిబాట మీదకు నెట్టినవారు ఎవరు? మోటారు సైకిలు మీదా, కారులోనూ తిరిగే మనమే. నడిచేవారిని కాలిబాట మీద నుంచి రోడ్డు మీదకు నెట్టినవారు ఎవరు? అదీ మనమే. శుక్రవారం జుమా వేళ మన మసీదుల ముందు ఒకసారి చూడండి. కాలిబాట పొడవునా మన మోటారు సైకిళ్లు బారులు తీరి ఉంటాయి. బాట మీది హానికరమైన వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక శాఖ అని దైవప్రవక్త (స) బోధించారని మనందరికీ తెలుసు. ఆ బోధ మీద ఖుత్బా వినడానికి వచ్చినవారే బాటకు అడ్డంగా బండి నిలిపితే ఏమనాలి? మన దుకాణాల సంగతి కూడా అంతే. మెకానిక్ షెడ్డు ముందు విప్పిన ఇంజన్లు, మాంసం దుకాణం ముందు కోళ్ల గంపలు, చెప్పుల దుకాణం ముందు బల్లలు. ఇవన్నీ ఎవరి చోటులో ఉన్నాయి? ఆ మామ్మగారి చోటులో.

ఇంకొక మాట తల్లిదండ్రులతో. సైకిలు ప్రమాదమని భయపడి పదిహేనేళ్ల కొడుకుకు మోటారు సైకిలు తాళం ఇచ్చే ఇళ్లు నాకు తెలుసు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, అది పిల్లవాణ్ణి రక్షించడం కాదు. అతని చేతికి మరింత పెద్ద గుర్రాన్ని ఇవ్వడం.

పాలకుల బాధ్యత కూడా ఉంది. నడవడానికి తగిన కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టం చేసింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కాలిబాట మీద ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. సైకిలు దారులకు కూడా ఆ సంస్థ ప్రమాణాలు రాసిపెట్టింది. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సౌర ఫలకాల నీడన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో ప్రారంభమైంది. వ్యాయామానికి వెళ్లేవారికి నీడ దొరికింది, సంతోషం. బడికి వెళ్లే పిల్లలకు, క్యారేజీ కట్టుకుని పనికి వెళ్లే కూలీకి మన ఊళ్లో ఒక గీత గీసిన దారి అయినా దొరకాలి. 1915 నుంచి ఉన్న పురపాలక సంఘం మనది. బడులు, మసీదులు, గుడులు ఉన్న వీధుల్లోనైనా ముందుగా పలకలు సరిచేయించమని అందరం కలిసి అడుగుదాం. కాని అడగడానికి వెళ్లే ముందు మన బండ్లను, మన బల్లలను తీసివేద్దాం.

దైవప్రవక్త (స) నేర్పిన మర్యాదల్లో ఒకటి ఈ మధ్య నా మనసులో తరచుగా మెదులుతోంది. వాహనం మీద ఉన్నవాడు నడిచేవాడికి ముందుగా సలాం చేయాలి. ఎందుకని? ఎత్తున కూర్చున్నవాడికి తాను గొప్పవాడిననే భావన కలిగే ప్రమాదం ఉంది గనుక, అతడే ముందుగా తగ్గాలని హదీసు వ్యాఖ్యాతలు వివరించారు. ఇన్నేళ్లూ దీన్ని పలకరింపు మర్యాదగానే బోధించాను. ఇందులో బాట మర్యాద మొత్తం ఉందని ఇప్పుడు తోస్తోంది. లారీ కారుకు, కారు మోటారు సైకిలుకు, మోటారు సైకిలు సైకిలుకు, సైకిలు నడిచే మనిషికి తగ్గాలి. ఈ వరుసలో ఎవరికీ తగ్గనక్కర లేనివాడు నడిచేవాడొక్కడే. బాటకు మొదటి హక్కుదారు అతడే.

మామ్మగారి కట్టు విప్పారు. చెయ్యి ఇంకా పూర్తిగా ముడవలేకపోతోంది. కట్టు ఉన్నంత కాలమూ ఆ అబ్బాయే రోజూ పాలు తెచ్చి ఇచ్చాడు. విప్పిన తరువాత కూడా మానలేదు. వాళ్ల సందు మొగదల్లో సైకిలు దిగి నడిపించుకుంటూ వెళతాడట. వారం క్రితం ఆమె నాకు రోడ్డు మీద ఎదురైంది. అవును, రోడ్డు మీదనే. కాలిబాట మీద ఎవరివో మూడు మోటారు సైకిళ్లు నిలిపి ఉన్నాయి. ఆమె అడిగిన ప్రశ్నకు మన ఊరు ఇంకా సమాధానం చెప్పలేదు.

బాట మీద మనకన్నా బలహీనులను గుర్తించి తగ్గే వినయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.