పరీక్షకి రాని చదువు



స్టడీ అవర్లో ఎవరైనా కొత్త సంగతి చెప్తే పక్కనున్నోడు ముందు అడిగే మాట "పరీక్షకొస్తాదా?" అని. రాదంటే అక్కడితో సరి, పుస్తకం మూసేస్తాడు. మార్కులు వద్దని నేననను. పదో తరగతి తప్పితే ఇంటి దగ్గర ఏమవుతుందో కొండ మీద పిల్లలం, మనకి వేరే చెప్పక్కర్లేదు. కానీ చదువంటే అదొక్కటే అనుకుంటే అందులో రుచేముంది?

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు రామమూర్తి పంతులు గారి (1863-1940) ఫొటోకి దండ వేసి వాడుక భాష మీద ఉపన్యాసాలు చెప్తాం. ఆయన సవర భాష నేర్చిన సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నాకైతే అదే పెద్ద సంగతి. ఆయన పర్లాకిమిడిలో రాజావారి స్కూల్లో మాస్టారు. సవర నేర్చుకోడానికి అప్పట్లో లిపి లేదు, పాఠం లేదు, పరీక్ష అసలే లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. మాస్టారే శిష్యుడై కూర్చున్నారన్నమాట! కొండల్లో తిరిగితే మన పెద్దలు చెప్పే చలిజ్వరం, అదే మలేరియా, పట్టింది. క్వినైన్ మింగి మింగి చెవుడొచ్చింది. అయినా వదల్లేదు. సవర పిల్లలకి సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి ఆయనకి 70 దాటాయి.

మరి మన దగ్గరో? చింతపల్లి, జి.కె.వీధి వైపు నుంచి వచ్చిన కోందు మిత్రులు కువి మాట్లాడతారు. మెస్ లైన్లో ఎవరైనా వింటే టక్కున తెలుగులోకి మారిపోతారు, నవ్వుతారని. కువి మన తెలుగుకి చుట్టమే, రెండూ ద్రావిడ భాషలు. సవర అలాక్కాదు, అది ముండా భాషల్లోది. ఈ చుట్టరికం ఎలా కనిపెడతారో తెలుసుకోవాలని లేదా మీకు? అంకెలు, వరసలు, ఒంటి భాగాల పేర్లు పక్కపక్కన రాసి చూస్తే ఎంతోకొంత మనకే దొరుకుతుంది.

వార్డెన్ సార్‌కి ఒక మనవి. ఆదివారం సాయంత్రం ఒక్క గంట టెక్స్ట్ పుస్తకాలు లేకుండా మమ్మల్ని వదలండి. కువి వచ్చినవాళ్లు చెప్తారు, మిగతావాళ్లం రాసుకుంటాం. అల్మారాలో ఉన్న కథల పుస్తకాలు కూడా ఆ గంటకి బయటికి తీయించండి. మార్కులు తగ్గితే ఆ గంట తిరిగి తీసేసుకోండి సార్. నోట్ బుక్ మేమే కొనుక్కుంటాం.