చదువుకునే పిల్లలు పనికి పోవచ్చునా?

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 13 ఏళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. తల్లి వెంకమ్మ గారు ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. ఆ సుబ్బారావు గారే 1922లో అమెరికా వెళ్లి హార్వర్డులో చదువుకుంటూ, రాత్రిపూట బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. తరువాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లపై సైరస్ ఫిస్క్‌తో కలిసి పరిశోధన చేసి పేరు పొందారు.

పని చేస్తూ చదివి గొప్పవారైన వాళ్ల కథలు మీకు పెద్దలు చెబుతుంటారు గదా. చాలామంది ఈ కథలో రెండో సగమే చెబుతారు. బోస్టన్‌లో ఆయనకు 27 ఏళ్లు. మీకు పనికివచ్చేది 13 ఏళ్లప్పటి సంగతి.

పనికి పోవడం మంచిదా చెడ్డదా అని అడిగితే నేను జవాబు చెప్పలేను. ఏ పని, ఎన్ని గంటలు, ఏ వేళ అని అడగండి, చెబుతాను. పనికీ ఒక గడియారం ఉంటుంది. అది బడి గంటకు లొంగుతుందా లేదా అన్నదే నేను చూసేది.

మిరపకాయకు పరీక్షల టైంటేబులు తెలియదు. మన వైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా పండుతూనే ఉంటుంది. మీ వార్షిక పరీక్షలూ అప్పుడే. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు సీమకు మిరప కోతకు తరలివస్తాయి. కోసిన తూకాన్నిబట్టి కూలి ఇచ్చే చోట పిల్లల చేతులు కూడా లెక్కకొస్తాయి. మా కనిగిరి చుట్టూ ఉన్నది మెట్ట సేద్యమే. వాన ముఖం చాటేసిన ఏడు మా తరగతిలోనూ బెంచీలు ఖాళీ అవుతాయి.

పత్తి విత్తనం సంగతి ఇంకా విచిత్రం. సంకర విత్తనం తయారు కావాలంటే సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి అందులోని కేసరాలను చేత్తో తీసివేయాలి. మర్నాడు పొద్దున పువ్వు విచ్చుకోగానే మరో రకం పువ్వు పుప్పొడిని కీలాగ్రానికి రాయాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఆలస్యమైతే పువ్వు దక్కదు. అంటే బడిలో ప్రార్థన జరిగే వేళకే చేలో పని ముమ్మరం! కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే ఎక్కువగా పెట్టుకున్నారు. వాళ్ల వేళ్లు సన్ననివి, నేర్పు ఎక్కువ అని చెప్పేవారు. కూలి తక్కువ అన్న మాట మాత్రం పైకి చెప్పేవారు కాదు.

ఇక ఒంటి సంగతి. మిరపకాయలో గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగంలో కాప్సైసిన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మంలో వేడిని గుర్తించే నాడులనే తట్టి లేపుతుంది. అందుకే చెయ్యి కాలినట్టే మండుతుంది. ఈ రహస్యం విప్పిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కనుక మంట పుట్టినప్పుడు ముందు నూనె రాసి, తరువాత సబ్బుతో కడగండి. మంట తగ్గిపోతుంది, సరే. మరి ఆ చేలలో కొట్టిన పురుగుమందు? ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు నాడీ సంకేతాన్ని ఆపవలసిన ఎంజైమును పనిచేయనివ్వవు. బరువుతో పోల్చి చూస్తే పిల్లల ఒంటిమీద చర్మం ఎక్కువ, పీల్చే గాలి ఎక్కువ. కాబట్టి ఒకే చేలో నిలబడినా నాన్న కంటే మీకు తగిలే మోతాదు ఎక్కువ.

"పని కూడా నేర్పుతుంది గదా మాస్టారూ" అని మీరు అడగవచ్చు. నేర్పుతుంది. 14 ఏళ్లు నిండిన పిల్లవాడు వేసవి సెలవుల్లో సైకిలు షాపులో కూర్చుంటే బేరింగులు, ఘర్షణ, పళ్లచక్రాల నిష్పత్తి నాకంటే బాగా తెలుసుకుంటాడు. మిరపకాయ కోయడం మాత్రం ఒక్క పూటలో వచ్చేస్తుంది. నూరో రోజున కొత్తగా నేర్చుకునేది ఏముంది?

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు వారిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు పోను ఇంటివారికి సాయపడటం వంటివే మినహాయింపు. 18 లోపు వారికి ప్రమాదకరమైన పనులు నిషిద్ధం. అమెరికాలో 14, 15 ఏళ్ల వారు బడి ఉన్న రోజున 3 గంటలు, బడి ఉన్న వారంలో 18 గంటలు మించి ఉద్యోగం చేయకూడదు. (పొలం పనుల దగ్గర మాత్రం ఆ దేశమూ మెతకే.) నన్నడిగితే 14 దాటిన వారికైనా బడి రోజుల్లో 2 గంటలే ఎక్కువ. మీ వయసుకు రోజూ 8 గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో స్థిరపడేది ఆ నిద్రలోనే.

ఇంట్లో అప్పు ఉంది, నేను పోకపోతే ఎలా అంటారా? నా సైన్సు పాఠం ఆ అప్పు తీర్చదు. కాని ఒకటి గమనించండి. చవకగా పిల్లవాడు దొరికినంత కాలం ఆసామి మీ అమ్మకు కూలి పెంచడు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతుల్లో చేర్పించింది. పేద తల్లిదండ్రులు కూడా దారి దొరికితే పిల్లలను బడికే పంపుతారని ఆ పని చూపించింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే బహుమతి వచ్చింది.

మీ ఇంటివారు వలస పోవలసి వస్తే ప్రయాణానికి ముందే ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి. వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ దగ్గరలో ఉందేమో అడగండి. ఎవరైనా బలవంతంగా పనిలో పెడితే 1098కి ఫోను చేయవచ్చు. ఇప్పటికే పనికి పోతున్నవారు ఒక వారం పాటు నోటుబుక్కులో మూడు గడులు గీసి బడి, పని, నిద్ర గంటలు రాయండి. నిద్ర గడిలో 8కి తక్కువ అంకె ఎన్ని రోజులు వచ్చిందో చూసి, ఆ కాగితాన్ని మీ సైన్సు మాస్టారికీ, ఇంట్లో వారికీ చూపించండి.