బ్యాటరీ రంపం పట్టే ముందు

బ్యాటరీతో నడిచే సర్క్యులర్ సా చూడ్డానికి చిన్నదే. మూడు నాలుగు కిలోల బరువు, ఆరున్నర అంగుళాల బ్లేడు, వెనకాల ఒక 18 వోల్టుల బ్యాటరీ. వైరు లేదు, ప్లగ్గు లేదు, కాబట్టి చూస్తే భయం వెయ్యదు. లెక్క వేస్తే మాత్రం సంగతి వేరేగా ఉంటుంది. 165 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే, అంచున ఉన్న పన్ను సెకనుకి 43 మీటర్లు పోతున్నట్టు. అంటే గంటకి దాదాపు 155 కిలోమీటర్లు. ఏదో తేడా కొట్టిందని మనిషికి తెలిసి, చెయ్యి కదిలేసరికి ఇంచుమించు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో బ్లేడు ఇరవై చుట్లు తిరిగేస్తుంది. అందుకని మిషన్ తిరుగుతుండగా జాగ్రత్తపడదాం అనుకుంటే కుదరదు. పడాల్సిన జాగ్రత్తంతా బటన్ నొక్కకముందే పడి ఉండాలి.

వైరు పోవడం వల్ల కొన్ని బాధలు నిజంగానే తప్పాయి. వైరు బ్లేడు కిందపడి తెగడం, తడి నేల మీద షాక్ కొట్టడం, కాలికి చుట్టుకుని మనిషి పడిపోవడం ఇప్పుడు లేవు. కానీ ఇంకో చిక్కు వచ్చిపడింది. వైరున్న మిషన్‌తో పనంతా ప్లగ్గు దగ్గర, బల్ల దగ్గర జరుగుతుంది. బ్యాటరీ మిషన్‌ని డాబా మీదకి, సగం కట్టిన ఇంటి మెట్ల మీదకి, పరంజా మీదకి, తోటలోకి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. అక్కడ బల్లా ఉండదు, క్లాంపూ ఉండదు. చిన్న ముక్కే కదా అని మోకాలి మీద పెట్టుకునో, కాలితో తొక్కిపట్టో కోసెయ్యాలనిపిస్తుంది. ఈ మిషన్‌తో పని అనుకున్నప్పుడు ముందు చూసుకోవాల్సింది ఇదే: చెక్క దేని మీద నిలబడి ఉంది, కోసిన ముక్క ఎటు పడుతుంది.

చేతి రంపం అలవాటున్నవాళ్ళకి ఇది ఒక పట్టాన ఒంటబట్టదు. మన దగ్గర వడ్రంగి పని చాలావరకు నేల మీద కూచుని, పలకని కాలితో నొక్కిపట్టి చేసేదే. తరాలుగా వచ్చిన మంచి పద్ధతి అది, తప్పేం లేదు. చేతి రంపం మనిషి చెయ్యి ఆగితే ఆగుతుంది. చెక్క బిగిసిందా, రంపం కదలకుండా ఉండిపోతుంది, అంతే. మోటారున్న రంపం బిగిస్తే ఆగి ఊరుకోదు, వెనక్కి తంతుంది. దాని ముందు కాలు పెట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఎందుకు తంతుందో తెలిస్తే సగం జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. ఈ మిషన్‌లో బ్లేడు ముందువైపు పళ్ళు కింద నుంచి పైకి వస్తూ చెక్కని కోస్తాయి. వెనకవైపు పళ్ళు పైనుంచి కిందకి దిగుతూ, అప్పటికే కోసిన సందులో ఊరికే తిరుగుతుంటాయి. ఆ సందు మూసుకుపోయినా, చేతిలో మిషన్ పక్కకి మెలి తిరిగినా వెనక పళ్ళు చెక్కని పట్టేస్తాయి. కిందకి దిగే పన్ను గట్టి చెక్కని పట్టుకుంటే మిషన్ పైకి లేస్తుంది. సందులోంచి ఎక్కి బయటికొచ్చి, తిరిగే బ్లేడుతో సహా పట్టుకున్న మనిషి వైపు దూకుతుంది. కాబట్టి కోతగీతకి సరిగ్గా వెనకాల నిలబడకూడదు, కాస్త పక్కకి ఉండాలి. తన్నినా మిషన్ ఒంటి పక్కనుంచి పోతుంది.

ఇక సందు ఎందుకు మూసుకుంటుందో చూద్దాం. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటుని రెండు స్టూళ్ళ మీద, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి వేసి, మధ్యలో కోస్తారు. చాలా చోట్ల కనపడే దృశ్యమే. సగం కోసేసరికి షీటు మధ్యలో కుంగుతుంది. కుంగితే సందు పైఅంచులు దగ్గరికొచ్చి బ్లేడుని నొక్కేస్తాయి. సాయానికి ఇంకొకరు వచ్చి చివర పట్టుకుంటే పరిస్థితి బాగుపడుతుందనుకుంటారు గానీ, ఆ మనిషి ముక్క కిందపడకుండా కాస్త పైకి ఎత్తిపట్టాడంటే మళ్ళీ అదే జరుగుతుంది. అతను చేసేది సాయమే, మంచి మనసుతోనే చేస్తాడు, కానీ సందు పైన మూసుకుపోతుంది. పట్టుకునే మనిషికి ముందే చెప్పాలి: ఎత్తొద్దు, ఉన్న ఎత్తులోనే ఆనించి ఉంచు అని.

షీటు కొయ్యడానికి అన్నిటికన్నా నమ్మకమైన ఏర్పాటు నేల మీద మందపాటి థర్మాకోల్ పరిచి, దాని మీద షీటు వేసెయ్యడం. రెండంగుళాల మందం ఉంటే చాలు. షీటు మొత్తానికి కింద ఆధారం ఉంటుంది, ఎక్కడా కుంగదు, కోసిన రెండు ముక్కలూ ఎక్కడివక్కడే ఉంటాయి. బ్లేడు థర్మాకోల్‌ని కొద్దిగా గీరుతుంది, అంతకుమించి ఏం కాదు. అదే థర్మాకోల్‌ని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. థర్మాకోల్ లేకపోతే నాలుగు చెక్కలు పేర్చినా సరే, కోతగీతకి ఇటు రెండు, అటు రెండు రావాలి. పొడుగాటి పలక చివర ఒక జానెడు ముక్క తియ్యాలంటే పద్ధతి వేరు. పెద్దభాగాన్ని బల్లకి క్లాంపుతో బిగించి, చిన్నముక్కని గాల్లో వదిలెయ్యాలి. అది కిందకి వాలుతుంటే సందు పైన తెరుచుకుంటుంది గానీ మూసుకోదు.

గట్టి కలప సంగతి ఇంకొంచెం తిరకాసు. పూర్తిగా ఆరని తుమ్మ, వేప లాంటి పలకల్లో లోపల బిగువు ఉంటుంది. పొడుగ్గా చీలుస్తుంటే, కింద ఆధారం ఎంత బాగున్నా, రెండు పాయలూ దగ్గరికొచ్చేస్తాయి. అలాంటప్పుడు ఒక మూర కొయ్యగానే మిషన్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచాక, వెనక సందులో ఒక పల్చటి చెక్కముక్క ఇరికించి, అప్పుడు ముందుకి పోవాలి.

బ్లేడు ఎంత లోతు దిగాలన్నది తర్వాతి మాట. మందం ఎంతైనా బ్లేడుని పూర్తిగా దించేసి కోసేవాళ్ళున్నారు. అది మానుకోవాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి బ్లేడు 22, 23 మిల్లీమీటర్లు దిగితే చాలు, అంటే చెక్క కింద ఒక పన్ను ఎత్తు కనపడితే సరిపోతుంది. ఎక్కువ దించితే చెక్కలో ఇరుక్కునే భాగం పెరుగుతుంది, అడుగున కనపడకుండా తిరిగే బ్లేడూ పెరుగుతుంది. ఈ సర్దుబాటు చేసేటప్పుడు, బ్లేడు మార్చేటప్పుడు, ఆఖరికి ఇరుక్కున్న పొట్టు తీసేటప్పుడు కూడా ముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాలి. బ్యాటరీ లోపల ఉన్నంతసేపూ ప్లగ్గు పెట్టి ఉన్నట్టే లెక్క.

బ్లేడు కింది సగాన్ని కప్పి ఉంచే స్ప్రింగు గార్డు ఈ మిషన్‌కి ప్రాణం. చెక్కలోకి పోతుంటే దానంతటదే వెనక్కి జరుగుతుంది, బయటికి రాగానే టక్కున మూసుకుంటుంది. రోజూ పని మొదలెట్టే ముందు, బ్యాటరీ తీసేసి, దాన్ని చేత్తో తెరిచి వదిలి చూడాలి. నింపాదిగా మూసుకున్నా, మధ్యలో ఆగినా ఆ మిషన్ పనికి పెట్టకూడదు. పొట్టు, జిగురు పట్టి ఉంటే తుడవాలి, స్ప్రింగు సడలి ఉంటే మార్పించాలి. అడ్డొస్తోందని గార్డుని తీగతో కట్టెయ్యడం, చెక్కముక్క దోపి తెరిచి ఉంచడం కొన్ని సైట్లలో చూస్తాం. అలా కట్టేసిన మిషన్ నేల మీద పెడితే, ఇంకా తిరుగుతున్న బ్లేడు నేల మీద చక్రంలా పరిగెడుతుంది, లేకపోతే పాదం మీదకొస్తుంది. ట్రిగ్గర్ పక్కనుండే లాక్ బటన్‌కి టేపు వెయ్యడం కూడా ఇలాంటిదే. సంచిలో పెట్టినప్పుడు పొరపాటున నొక్కుకోకుండా కాపాడేది ఆ బటనే.

ఇక్కడే మార్బుల్ కట్టర్ గురించి కూడా చెప్పాలి. రాయి కోసే ఆ నాలుగంగుళాల మిషన్‌కి చెక్క బ్లేడు తగిలించి ప్లైవుడ్ కొయ్యడం మన ఊళ్ళల్లో బాగా అలవాటైపోయింది. దాని ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అది నిమిషానికి 12,000 చుట్ల పైన తిరుగుతుంది, దానికి మూసుకునే కింది గార్డు అసలుండదు. 110 మిల్లీమీటర్ల బ్లేడు ఆ వేగంలో అంచున సెకనుకి 69 మీటర్లు పోతుంది. రాతి బ్లేడుకి పళ్ళుండవు కాబట్టి అది పట్టుకుని లాగదు, చెక్క బ్లేడు పళ్ళు లాగుతాయి. చెక్క పనికి ఆ మిషన్‌ని పక్కన పెట్టెయ్యడమే మేలు.

బ్లేడు ఎంపికలో చూడాల్సినవి కొన్నే. బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం మిషన్ వేగం కన్నా ఎక్కువుండాలి. మధ్య రంధ్రం షాఫ్టుకి సరిగ్గా సరిపోవాలి, వదులుగా ఉంటే బ్లేడు ఊగుతుంది. బ్లేడు మీది బాణం, గార్డు మీది బాణం ఒకే వైపు ఉండాలి. కలప చీల్చడానికి 24 పళ్ళది, ప్లైవుడ్‌కి 40 పళ్ళది మామూలుగా వాడతారు. పళ్ళు పైకి కోస్తాయి కాబట్టి పైముఖం పెచ్చులు లేస్తుంది, అందుకే షీటు అందమైన వైపు కిందకి పెట్టాలి. మొద్దుబారిన బ్లేడు కొయ్యదు, రుద్దుతుంది, కాలిన వాసనొస్తుంది, బలంగా తొయ్యాల్సొస్తుంది. అలా తోసేటప్పుడే చెయ్యి మెలి తిరుగుతుంది. పాత ఇళ్ళ తలుపులు, సెంట్రింగ్ చెక్కలు కొయ్యాల్సి వస్తే ముందు అయస్కాంతం ఆడించి మేకులు వెతకాలి, అంటుకున్న సిమెంటు గీకెయ్యాలి.

కోత దగ్గరికొస్తే, రెండు చేతులూ రెండు పిడుల మీద ఉండాలి. చెక్కని క్లాంపు పట్టుకోవాలి. బేస్ ప్లేటు ముందుభాగం చెక్క మీద బల్లపరుపుగా ఆనించి, బ్లేడు చెక్కని తగలకుండా ఉండగానే స్టార్ట్ చెయ్యాలి. పూర్తి వేగం అందుకున్నాక నెమ్మదిగా ముందుకి. తిన్నగా రావాలంటే ఒక తిన్నటి పట్టీ బిగించి దాని వెంబడి నడపడం మంచిది, చెయ్యి వంకర తిరిగే అవకాశమే ఉండదు. గీత తప్పితే మిషన్‌ని పక్కకి తిప్పి సరిచెయ్యకూడదు, ఆపి, వెనక్కి తీసి, మళ్ళీ మొదలెట్టాలి. మధ్యలో బిగిసినట్టు, మోటారు మూలిగినట్టు అనిపిస్తే ట్రిగ్గర్ వదిలేసి, బ్లేడు ఆగేదాకా మిషన్‌ని అక్కడే గట్టిగా పట్టుకోవాలి. తిరుగుతుండగా వెనక్కి లాగితే అదే తన్నుకి దారి. కొన్ని మోడళ్ళలో బ్రేకు ఉంటుంది, బ్లేడు త్వరగా ఆగుతుంది. లేనివాటిలో కాసేపు తిరుగుతూనే ఉంటుంది, కింద పెట్టే ముందు చూసుకోవాలి.

కళ్ళద్దాలు లేకుండా ఈ పని చెయ్యకూడదు. మెళ్ళో తువ్వాలు, వేలాడే గొలుసు, చున్నీ, వదులు చేతి తొడుగులు తీసెయ్యాలి, లుంగీ బదులు ప్యాంటు, హవాయి చెప్పుల బదులు బూట్లు. చెవుల సంగతి పట్టించుకునేవాళ్ళు తక్కువ. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు గడపొచ్చనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంటే. ఈ మిషన్లు కొయ్యేటప్పుడు ఆ దరిదాపుల్లోనే అరుస్తాయి, కాబట్టి ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవాలి. పొట్టు కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముక్కుకి రుమాలు చాలదు, ఎన్ 95 మాస్కు కావాలి. గదిలో కన్నా ఆరుబయట కొయ్యడం మేలు.

పని అయ్యాక బ్యాటరీ వేరు, మిషన్ వేరు చేసి పెట్టాలి. మేకులు, స్క్రూలున్న సంచిలో బ్యాటరీ పడేస్తే ఇనుము తగిలి షార్ట్ అయ్యే ప్రమాదముంది. ఎండాకాలం బండి పెట్టెలో, కారులో వదలకూడదు. 40 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ పెట్టొద్దని చాలా కంపెనీలు చెబుతాయి, కోసి కోసి కాలిపోతున్న బ్యాటరీకీ ఇదే వర్తిస్తుంది, చల్లారనివ్వాలి. ఉబ్బినా, కిందపడి పగిలినా దాన్ని ఇక వాడకూడదు.

ఇంతా చేసి దెబ్బ తగిలితే, శుభ్రమైన బట్టతో గట్టిగా నొక్కిపట్టి, చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉంచి, 108కి ఫోన్ చెయ్యాలి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసెయ్యాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దకూడదు. వేలు తెగిపోతే దాన్ని శుభ్రమైన తడిబట్టలో చుట్టి, ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరుని ఐసు, నీళ్ళు ఉన్న ఇంకో కవరులో పెట్టాలి. ఐసు నేరుగా తగిలితే కణజాలం పాడైపోతుంది. ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు. వీలైతే ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, తెగిన వేలుతో వస్తున్నామని చెప్పి బయల్దేరాలి.