బలుపులో దాగిన వాపు

"వాపు చూసి బలుపనుకున్నట్టు" అని మన పెద్దవాళ్లు అంటుంటారు. ఇప్పుడు డాక్టర్లు ఆ సామెతను తిరగేసి చెబుతున్నారు. మనం బలుపనుకునే దాంట్లోనే వాపు ఉంటుందట! అదేమిటో చెప్పేముందు మా తిరువూరులో, మా పక్కింట్లో జరిగిన సంగతి వినండి.

పక్కింటి వదినగారు కిందటి నెల జాకెట్లు కుట్టించుకుందామని వెళ్తూ నన్నూ తోడు తీసుకెళ్లారు. కొలతలు తీసే అమ్మాయి, "పిన్నిగారూ, చేతులు పాత కొలతేనండీ. కింద పట్టీ దగ్గర మాత్రం రెండంగుళాలు వదలాలి" అంది. "నాకేం లావే? 56 కిలోలేగా!" అని వదినగారు నవ్వేశారు. నిజమే, కాళ్లూ చేతులూ సన్నంగానే ఉంటాయి. ఇంటికొచ్చాక టేపు పెట్టి చూస్తే పొట్ట చుట్టుకొలత 36 అంగుళాలు! నా పోరు పడలేక రక్తపరీక్ష చేయించుకున్నారు. పరగడుపున షుగరు 118 వచ్చింది.

పరగడుపున 100 లోపు ఉండాలి. 126, ఆపైన ఉంటే షుగరు జబ్బు. మధ్యలో ఉన్నవాళ్లకు జబ్బు గుమ్మంలో నిలబడి ఉందన్నమాట. 2023లో బయటికొచ్చిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు అయితే, ఇలా గుమ్మం దగ్గర ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షలు. వీళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఒంట్లో కొవ్వు గాదెలో పోసిన ధాన్యంలాగా ఊరికే పడి ఉంటుందని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. 1993లో అమెరికాలో హోటమిస్లిగిల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు లావెక్కిన ఎలుకల కొవ్వును పరీక్షిస్తే, అందులోంచి టి.ఎన్.ఎఫ్. అనే పదార్థం ఊరుతూ కనిపించింది. అది గాయమైనప్పుడో, క్రిములు చేరినప్పుడో వాపు తెప్పించే పదార్థం. కొవ్వుకి దాంతో పనేమిటి? 2001లో మన తెలుగు డాక్టరు ఉండుర్తి నరసింహ దాస్ గారు (1992లో భట్నాగర్ బహుమతి అందుకున్నవారు) "స్థూలకాయం కూడా ఒక వాపు జబ్బేనా?" అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి వైద్య పత్రికలో వ్యాసం రాశారు. 2003లో రెండు అమెరికన్ బృందాలు లావెక్కిన కొవ్వులో తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరుతున్నాయని చూపించాయి.

ఇదెలా జరుగుతుందంటే, కత్తిపీట మీద వేలు తెగిందనుకోండి. ఎర్రబడి వాస్తుంది. తెల్లకణాలు వచ్చి శుభ్రం చేస్తాయి. నాలుగు రోజుల్లో మానుతుంది. ఆ వాపు మన మేలుకే. పొట్టలో కొవ్వు కణాలు అలవి మీరి ఉబ్బితే వాటికి రక్తం సరిగా అందదు. కొన్ని చచ్చిపోతాయి. వాటిని ఎత్తిపోయడానికి తెల్లకణాలు చుట్టూ మూగుతాయి. కానీ మనం మళ్లీ మళ్లీ నింపుతూనే ఉంటాం కనుక ఆ పని తెమలదు. నొప్పి ఉండదు, జ్వరం రాదు, నివురు గప్పిన నిప్పులా లోపల రాజుకుంటూనే ఉంటుంది. దాన్నుంచి వచ్చే పదార్థాలు రక్తంలో కలిసి తిరుగుతాయి. అప్పుడు ఇన్సులిన్ వచ్చి "చక్కెర తీసుకోండి" అని తలుపు కొట్టినా కండరాలకు వినపడదు, పెళ్లింట్లో మైకు మోగుతుంటే వీధి తలుపు చప్పుడు వినపడనట్టు! చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి రక్తం నేరుగా కాలేయానికే వెళ్తుంది కాబట్టి అక్కడా కొవ్వు చేరుతుంది. రక్తనాళాల లోపలి పొరా దెబ్బతింటుంది. షుగరు, బి.పి., గుండెజబ్బు తోడికోడళ్లలాగా ఒకే ఇంట్లో చేరడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

మరి 56 కిలోల వదినగారికెందుకు? 2004లో పుణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్‌కిన్ ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒకటి అచ్చయింది. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఇద్దరికీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకి 9 శాతం, మనాయనకి 21 శాతం! మనవాళ్లది సన్నగా కనబడుతూనే పొట్టలో దాచుకునే ఒళ్లు. అందుకే కాటా కంటే టేపు నయం. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు. గాలి వదిలాక, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య కొలవాలి. పొట్ట బిగబట్టారో, మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు!

వాపు అన్నాం కదా అని మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగకండి. అవి కిడ్నీలకు చేటు. పక్కనున్న ఏ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుల బాధ చూస్తూనే ఉన్నాం, కారణం ఏదైనా. పసుపు పాలతో పోతుందా అని కూడా అడుగుతారు. తాగండి, చక్కెర వేసుకోకుండా. అయితే దాంతో పొట్ట కరగదు.

కరిగించేది నడకే, తగ్గించి తినడమే. 2002లో వెలువడిన అమెరికా పరిశోధనలో, షుగరు గుమ్మంలో ఉన్నవాళ్లు బరువులో 7 శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని పూనుకుంటే జబ్బు రావడం 58 శాతం తగ్గింది. వదినగారి లెక్కలో ఆ 7 శాతం 4 కిలోలు. నూనె మనిషికి రోజుకి నాలుగైదు టీ చెంచాలు చాలు. పళ్లెంలో అన్నం ఎంతో కూరా పప్పూ కలిపి అంతకు రెట్టింపు. అన్నిటికంటే పెద్ద చిక్కు, మిగిలింది పారేయలేక గిన్నె ఊడ్చి మనమే తినేయడం! వదినగారు ఇప్పుడు రాత్రికి గ్లాసు బియ్యం తగ్గించి వండుతున్నారు. సాయంత్రం ఇద్దరం నడుస్తున్నాం.

అంతా బాగానే ఉంది కానీ, ఇది మామిడి ఊరు, వచ్చింది రసాల రోజులు. "పెరుగన్నంలో పండు లేకుండా ఎలా వదినా?" అని ఆవిడ. అన్నం మానిన పూట ఒక్క చిన్న రసం తినమని నేను. ఆవిడ రెండు అంటున్నారు. బేరం ఇంకా తెగలేదు.