మొక్క నాటారు సరే, లెక్క ఏది?

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5. మన రెండు రాష్ట్రాల్లో బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. పర్యావరణ దినోత్సవం నాటికి పిల్లలు బడిలోనే ఉండరు. తెరిచాక ఒక ర్యాలీ, వ్యాసరచన పోటీ, నాలుగు మొక్కలు, ఒక ఫొటో. మళ్లీ ఏడాది దాకా ఆ ఊసుండదు. నిరుడు నాటిన వాటిలో ఎన్ని బతికాయో చెప్పగల బడులు అరుదు.

ఆదేశాలకు కొదవ లేదు. పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2001లో వచ్చిన జాతీయ హరిత దళం కింద వేల బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. కొరతల్లా కొలతల్లోనే. వాతావరణ మార్పు సగటుల్లో వచ్చే తేడా. ఏళ్ల తరబడి అంకెలు పక్కపక్కన పెడితేనే అది కనిపిస్తుంది. పోస్టరు గీస్తే పిల్లలకు ఆ తేడా అందదు.

వర్షమాపకాన్నే తీసుకోండి. నిటారు గోడలున్న ప్లాస్టిక్ సీసా, ఒక స్కేలు చాలు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. 200 చదరపు మీటర్ల బడి స్లాబు మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 4,000 లీటర్లు. ఆ నీరు ఎటుపోయింది? ఇంకుడు గుంతలోకా, మురుగు కాల్వలోకా? ఈ ప్రశ్న పిల్లలే అడగాలి. ఒంటిపూట బడుల రోజుల్లో రేకుల గదిలో, స్లాబు గదిలో, వేపచెట్టు కింద ఒకే వేళకు ఉష్ణోగ్రత రాయించండి. నీడ విలువ వాళ్లకే తెలుస్తుంది. మధ్యాహ్న భోజనంలో పారేసే అన్నాన్ని తూచడమూ అంతే తేలిక.

ఇది పిల్లలకు మించిన పని కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం రాశారు, ఉన్న నీటికి తగిన పంటలేవో ఊరంతా కూర్చుని లెక్కగట్టారు. వారిలో చాలామంది పెద్దగా చదువుకోనివారే. కేరళలో భూగోళశాస్త్రం బోధించే హయ్యర్ సెకండరీ బడుల్లో సమగ్ర శిక్ష వాతావరణ కేంద్రాలనే నెలకొల్పింది.

ఉపాధ్యాయులకు ఇప్పటికే తలకు మించిన పనులున్నాయన్న మాట నిజం. అందుకే ఈ లెక్కలను మరో యాప్‌లో ఎక్కించమని అడగకూడదు. ప్రార్థన వేళ ఇద్దరు పిల్లలు వంతులవారీగా గోడ మీది పట్టికలో రాస్తే పది నిమిషాల పని. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులు ఉండనే ఉన్నాయి. చాలాచోట్ల అవి నెట్ సెంటర్ ప్రింట్లకు పోతున్నాయి. వాటిని పిల్లలు స్వయంగా రాసిన కొలతల పుస్తకానికి ఇవ్వాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఉత్తర్వు ఇవ్వాలి. తల్లిదండ్రులారా, ఈసారి బడి సమావేశానికి వెళ్లినప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ పుస్తకమూ చూపమని అడగండి.